కిక్కు కొడితే... స్నేహం స్టార్టు!

కథానాయకుడు కారు దిగితే హాల్లో చప్పట్లు పడతాయి. అదే మోటార్ సైకిల్ దిగితే ఈలలు పడతాయి! ఈ తేడా మీరెప్పుడైనా గమనించారా?

కారులో హీరో సగమే కనబడతాడు. అద్దం అడ్డం, తలుపు అడ్డం. బండి మీద అలా కాదు. నెత్తి మీది జుట్టు దగ్గర్నుంచి కాలి బూటు దాకా మొత్తం మనిషి మనవాడే. పైగా కారు మనకెప్పుడొస్తుందో దేవుడికెరుక గానీ, బండి మాత్రం నాన్నను బతిమాలో, అప్పో సప్పో చేసో రేపో మాపో వచ్చేదే. అందుకే ఆ ఈల.

1973లో రాజ్‌కపూర్ 'బాబీ' తీశాడు. అందులో రిషీకపూర్, డింపుల్‌తో పాటు మూడో తార ఒకటుంది. చిన్న చక్రాల రాజదూత్ జి.టి.ఎస్. 175. కంపెనీవాళ్లు పెట్టిన ఆ పొడుగు పేరును జనం పక్కన పడేసి 'బాబీ బండి' అన్నారు. ఇప్పటికీ పాత మెకానిక్కుల దగ్గరకెళ్లి 'బాబీ' అంటే డింపుల్ సంగతి తర్వాత, ముందు బండి సంగతే చెబుతారు! రెండేళ్లకు, 1975లో 'షోలే' వచ్చింది. అమితాబ్, ధర్మేంద్ర పాడుకుంటూ పోయిన ఆ సైడ్‌కార్ బండి 1942 నాటి బి.ఎస్.ఏ. దాన్ని 2025లో గోవా చలనచిత్రోత్సవంలో ప్రదర్శనకు పెడితే జనం పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

మన తెలుగు సంగతంటారా? యమహా ఆర్.ఎక్స్. 100 తయారీ 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. ఆగిన ఇరవై రెండేళ్లకు, 2018లో, అజయ్ భూపతి తన సినిమాకు ఆ బండి పేరే పెట్టాడు. కార్తికేయ హీరో. హాల్లో ఈలలేసిన కుర్రాళ్లలో చాలామంది ఆ బండి ఆగిపోయాక పుట్టినవాళ్లే! 2021లో 'బుల్లెట్ బండి' పాట వచ్చి పెళ్లి ఊరేగింపులన్నిటినీ ఆక్రమించింది. 2022లో 'ఆర్.ఆర్.ఆర్.'లో ఒక స్నేహితుడికి గుర్రం, ఇంకో స్నేహితుడికి మోటార్ సైకిల్ ఇచ్చాడు రాజమౌళి. స్నేహం అనగానే మన సినిమావాళ్లకు బండి గుర్తొస్తుంది. ఊరికే కాదు.

అయితే సినిమా బండికి ఒక సుగుణం ఉంది. అది ఆగదు. దర్శకుడు 'కట్' అంటే తప్ప ఆగదు. మన బండి అలా కాదుగా! సరిగ్గా మిట్టమధ్యాహ్నం, చుట్టూ చెట్టన్నది లేనిచోట, జేబులో ఫోను చార్జింగ్ అయిపోయినప్పుడే ఆగుతుంది. ఈ వ్యాసం అలా ఆగిన బండ్ల గురించి. ఆగినందువల్ల దొరికిన స్నేహితుల గురించి. వాళ్లతో కలిసి ఈ వ్యాసకర్త పడిన ఒక రాత పిచ్చి గురించి.

మూడూళ్ల రోడ్లు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లావే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక మొదటి రెండూ అటు పోయాయి, మిర్యాలగూడ ఇటు మిగిలింది. బండ్లకు ఆ గీత తెలీదు. సూర్యాపేట నుంచి కోదాడకు హైదరాబాదు - విజయవాడ రహదారి. ఇప్పుడు దాని నంబరు 65 గానీ పెద్దవాళ్లు ఇంకా 'తొమ్మిదో నంబరు రోడ్డు' అనే అంటారు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు 167వ నంబరు రోడ్డు. ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా గంట, మహా అయితే గంటన్నర. దారి పొడుగునా కాలువలు, వరి మళ్లు, వడ్ల లారీలు, సిమెంటు లారీలు. మిర్యాలగూడ దగ్గరపడిందని కళ్లు మూసుకున్నా చెప్పొచ్చు. రైస్ మిల్లుల నుంచి వచ్చే ఉప్పుడు బియ్యం వాసన ముందే పలకరిస్తుంది. (బండి నడుపుతూ కళ్లు మూసుకోకండి, మాటవరసకన్నాను!)

ఈ మూడూళ్లలో పాత బండ్లు ఇన్ని ఎందుకున్నాయి అంటే నా లెక్క నాది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లొస్తే వరి వచ్చింది. వరి వస్తే చేతిలో నాలుగు రూపాయలొచ్చాయి. ఆ నాలుగు రూపాయలు కొన్నిళ్లల్లో పెంకుటిల్లు డాబా అయ్యాయి, కొన్నిళ్లల్లో రాజదూత్ అయ్యాయి, మోతుబరుల ఇళ్లల్లో బుల్లెట్ అయ్యాయి. మా ఇంట్లో మాత్రం యెజ్డీ రోడ్‌కింగ్ అయింది, అదీ సెకండ్ హ్యాండుది.

యెజ్డీ తెలీనివాళ్ల కోసం రెండు ముక్కలు. చెకోస్లొవేకియా జావా కంపెనీతో కలిసి మైసూరులో ఐడియల్ జావా అనే ఫ్యాక్టరీ పెట్టింది ఇరానీ కుటుంబం. 1960ల మొదట్లో జావా బండ్లు బయటికొచ్చాయి. 1970లలో పేరు యెజ్డీ అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. రెండు సైలెన్సర్లు కాబట్టి మన వైపు దాన్ని డబల్ సైలెన్సర్ బండి అనేవాళ్లు. దీని తమాషా ఏమిటంటే కిక్కు రాడ్డూ, గేరు రాడ్డూ ఒక్కటే! స్టార్ట్ చేశాక అదే రాడ్డును ముందుకు వాల్చి గేరు వేసుకోవాలి. కొత్తవాడికిస్తే గేరు ఎక్కడుందో వెతుక్కుంటూ నిలబడిపోతాడు. దొంగతనాలు తక్కువ కావడానికి అదో కారణమని మా నాన్న అనేవాడు.

ప్లగ్గు ఇచ్చి ప్లగ్గు తీసుకున్నాడు

హుజూర్‌నగర్ దాటాక ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండి ఆగింది. మొదట వచ్చినాయన "పెట్రోలు అయిపోయిందేమో చూస్కోండి" అని ఆగకుండానే సలహా ఇచ్చి వెళ్లిపోయాడు. రెండో ఆయన ఆగాడు గానీ, బండి అమ్మేయమన్నాడు. మూడోవాడు ఆర్.ఎక్స్. 100 మీద వచ్చాడు. పెట్రోలు ట్యాంకు మీద చే గువేరా స్టిక్కరు. దిగుతూనే సీటు కింద నుంచి ప్లగ్గు పానా తీశాడు.

"ఏందన్నా, ఆగిందా?"

"ప్లగ్గు కొట్టేసినట్టుంది తమ్ముడూ."

"నా దగ్గరొకటున్నది, ఏస్కో. గానీ పాతది పారెయ్యకు. నాకియ్యి."

"చచ్చిన ప్లగ్గు నీకెందుకయ్యా?"

"సూడాలె."

చూడాలట! తర్వాత తెలిసింది. అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా నిండా చచ్చిన ప్లగ్గులున్నాయి. ఒక్కోదానికి కాగితం చుట్టి, ఏ బండిదో, ఎక్కడ ఆగిందో రాసి పెట్టాడు. డాక్టరు నాలుక చూసినట్టు ప్లగ్గు కొస చూసి బండి జబ్బు చెబుతాడు. మట్టి రంగులో పొడిగా ఉంటే ఇంజను ఆరోగ్యం బాగున్నట్టు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే లోపల వేడి ఎక్కువవుతున్నట్టు. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అన్నమాట. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోల్లో కలిపే ఆయిల్ ఎక్కువైనట్టు. నా బండిది నల్లగా, జిడ్డుగా, మసి పట్టిన వంటింటి దీపంలా ఉంది. "ఆయిల్ ప్రేమతోని పోస్తున్నవన్నా, కొలతతోని పొయ్యి" అన్నాడు. ఆ మాటతో మా స్నేహం మొదలైంది.

ఆ చే స్టిక్కరు గురించి అడిగాను. మన నల్లగొండ వైపు చే బొమ్మ కొత్తేం కాదు, కాలేజీ గోడ మీదుంటుంది, చొక్కా మీదుంటుంది. అతను మాత్రం "బండి మీద తిరిగిండంట గదా" అన్నాడు. అంతే తెలుసు. నేను 2004లో వచ్చిన 'మోటార్ సైకిల్ డైరీస్' సినిమా సంగతి చెప్పాను. 1952లో ఇరవై మూడేళ్ల వైద్య విద్యార్థి చే, అతని స్నేహితుడు అల్బెర్తో గ్రనాడో ఒక పాత నార్టన్ 500 మీద అర్జెంటీనా నుంచి బయల్దేరారు. బండికి వాళ్లు పెట్టుకున్న పేరుకు 'బలశాలి' అని అర్థం. ఆ బలశాలి చిలీ దేశంలో పూర్తిగా చచ్చింది. మిగతా ఖండమంతా లారీలెక్కి, కాలినడకన తిరిగారు. ఇద్దరూ దారి పొడుగునా డైరీ రాసుకున్నారు. ఆ రాతలే పుస్తకాలయ్యాయి, సినిమా అయింది.

అతను మిగతాదేం పట్టించుకోలేదు. "ఇద్దరూ రాసుకున్నరా? బండి ఆగినప్పుడు గూడ?" అన్నాడు. మర్నాడే 200 పేజీల నోటుబుక్కు కొన్నాడు.

టీచరమ్మ బుల్లెట్, మేస్త్రీ చెవి

మూడో మనిషి సూర్యాపేటలో ఒక బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ. ఆమెది పాత బుల్లెట్. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండే కాలానిది. అంటే ఇవాళ్టి బండ్లకు సరిగ్గా తిరకాసు. ఆమె వీధిలోంచి వెళ్తుంటే 2021 దాకా పిల్లలు నమస్కారం పెట్టేవాళ్లు. ఆ ఏడాది పాట వచ్చాక వెనకాల పాడుతున్నారు! "ఎవడు పాడాడో గొంతు గుర్తుపట్టి మర్నాడు ఎక్కాలు అప్పజెప్పించుకుంటాను" అంటుంది ఆమె.

పాత బుల్లెట్ స్టార్ట్ చేయడం ఒక పూజా విధానం. అమ్మీటర్ ముల్లు చూస్తూ కిక్కును నెమ్మదిగా నొక్కాలి. ముల్లు మధ్యకు రాగానే ఆపాలి. డీకంప్రెషన్ లివర్ పట్టుకుని కిక్కు ఇంకాస్త కిందికి దించాలి. లివర్ వదిలి, కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు నిండు బరువుతో ఒక్క తన్ను. ఈ వరస తెలీక బలం చూపించబోతే కిక్కు వెనక్కి తన్ని మోకాలి చిప్ప సంగతి తేలుస్తుంది. సినిమాల్లో హీరో ఇటు హీరోయిన్‌ను చూస్తూ అటు ఒక్క తన్ను తంతాడే... ఆ సీన్ వచ్చినప్పుడల్లా టీచరమ్మ హాల్లో పకపకా నవ్వుతుంది. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు, ఇక్కడ కామెడీ ఏముందా అని.

ఈ విధానం ఆమెకు నేర్పింది కోదాడ మేస్త్రీ. మా ముగ్గురినీ ఒక్కచోట చేర్చింది కూడా ఆయన షెడ్డే. ఎవరి బండి అక్కడ విప్పి ఉంటే వాళ్లు ఆ పూటంతా అక్కడే, చెక్క బల్ల మీద, చాయ్ గ్లాసుతో. మేస్త్రీకి డెబ్బయ్ దాటాయి. కోదాడ మనిషి కాబట్టి మాటలో కాస్త కృష్ణా జిల్లా గాలి. చేతులు వణుకుతున్నాయి, కళ్లు మసకబారాయి. చెవి మాత్రం అట్లాగే ఉంది. బండి ఇంకా సందు మలుపు తిరగకముందే "వచ్చేది బుల్లెట్టే, చైను వదులైంది" అంటాడు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు పాయింట్లు సర్దుతుంటే ఈయన కళ్లు మూసుకుని, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, అక్కడ!" అంటాడు. సంగీత దర్శకుడు తబలా శ్రుతి చేయించినట్టుంటుంది.

ఆ కుర్రాడు అజిత్ అభిమాని. ఎందుకంటారా? తమిళంలో అంత పెద్ద తార అయిన అజిత్ పుట్టింది మన సికింద్రాబాదులో. సినిమాల్లోకి రాకముందు ఎన్‌ఫీల్డ్‌లో మెకానిక్ పని నేర్చుకున్నాడు. హీరోగా తొలి రోజుల్లోనే 1993లో మన తెలుగు 'ప్రేమపుస్తకం' చేశాడు. తర్వాత రేసులు, ఖండాలు దాటిన బండి యాత్రలు. "నేనూ మెకానిక్కునే గదన్నా" అంటాడు ఈ కుర్రాడు, అక్కడికి మిగతాదంతా రేపో ఎల్లుండో జరగబోతున్నట్టు!

పత్రికలో పేరు పడింది, కానీ...

బండి పిచ్చికీ పత్రికకూ చుట్టరికం ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో 'ది మోటార్ సైకిల్' అనే వారపత్రిక 1903లోనే మొదలైంది. అందులో 'ఇక్సియన్' అనే కలం పేరుతో యాభై ఏళ్లకు పైగా రాసినాయన ఎవరనుకున్నారు? రేసుగాడు కాదు, ఇంజనీరు కాదు. బేసిల్ డేవిస్ అనే చర్చి ఫాదరు! టెడ్ సైమన్ అనే విలేకరి 1973లో ఒక ట్రయంఫ్ బండి మీద లండన్ నుంచి బయల్దేరి నాలుగేళ్లు లోకం చుట్టి, మన దేశమూ చూసి, 1979లో పుస్తకం వేశాడు. మన దగ్గర ఇంగ్లీషులో 'ఓవర్‌డ్రైవ్' 1998లో వచ్చింది, 'బైక్ ఇండియా' 2005లో వచ్చింది. సూర్యాపేట బస్టాండు పుస్తకాల షాపులో అవి సినిమా పత్రికల వెనకాల దాక్కుని ఉండేవి. నేను రెండూ కొనేవాణ్ణి. ముందు మధ్య పేజీలో బొమ్మ చూడ్డం, తర్వాత బండి చూడ్డం. వయసు అలాంటిది మరి!

మన ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. 2018లో హైదరాబాదు నుంచి నలుగురు మహిళలు - జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, ఎ.ఎస్.డి. శాంతి - బండ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియాల మీదుగా దగ్గర దగ్గర 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చారు. వాళ్లలో పియా బహదూర్ ఆ ప్రయాణాన్ని 'రోడ్ టు మెకాంగ్' అనే ఇంగ్లీషు పుస్తకంగా 2019లో రాసింది. జై భారతి మహిళలకు బండి నేర్పే 'మోవో' సంస్థ పెట్టింది. మా టీచరమ్మ ఆ పుస్తకం మీద తన పేరు రాసుకుని అందరికీ అరువిస్తుంది, తిరిగి రాకపోతే ఇంటికొచ్చి తీసుకెళ్తుంది.

నేనూ మేస్త్రీ గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశాను. ఆయన చెవి, ఆ పాయింట్ల శ్రుతి, చాయ్ గ్లాసులు, అన్నీ. దూరపు నగరం నుంచి వచ్చే ఒక బండ్ల మాసపత్రిక వేసింది. పేరెందుకు లెండి. రంగుల్లో రెండు పేజీలు, మేస్త్రీ ఫొటో పెద్దది. ఎగురుకుంటూ కోదాడ వెళ్లాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని పత్రిక అందుకున్నాడు. ఫొటో చూశాడు, సంతోషించాడు. పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"నేను చెప్పిందేదీ ఇందులో?"

నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "బాగుంది" అన్నాడు. తర్వాత పానాలు కడుగుతున్న కుర్రాణ్ణి చూపించి, "మరి మావాడు దీన్నెట్టా చదువుకుంటాడు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆలోచించి చూడండి. యాభై ఏళ్లుగా ఈ జిల్లాలో బండ్లు బాగుచేసినవాళ్లు తెలుగులో నేర్చుకున్నారు, తెలుగులో నేర్పారు. కొంత ఉర్దూ కలిసింది. అచ్చులోకి ఎక్కేసరికి మాత్రం ఇంగ్లీషు. ఆ మేస్త్రీలు ఒక్కొక్కరే షెడ్డు మూసేస్తున్నారు. వాళ్లకు తెలిసింది వాళ్లతో పోవడమే.

ద్విఘాత యంత్రమా? వద్దు బాబోయ్!

అలా మొదలైంది మా నాలుగు పేజీల తెలుగు పత్రిక. పత్రిక అంటే పెద్ద మాట. తెల్ల కాగితం మీద టైపు చేసి, మధ్యకు మడిచి, బస్టాండు ఎదురుగా జిరాక్సు తీయించిన యాభై కాపీలు. దీనికి పేరెట్టాలని నెల రోజులు కొట్టుకుని, చివరికి పేరు లేకుండానే వేశాం. మెకానిక్ షెడ్లలో, పంక్చర్ షాపుల్లో, రెండు చాయ్ హోటళ్లలో పెట్టాం. ధర లేదు. నూనె మరకలు పడ్డ కాపీని చూస్తే మాత్రం మాకు పండగే, ఎవరో పనిచేస్తూ చదివారన్నమాట!

మొదటి పేచీ భాష దగ్గరే వచ్చింది. నాకు డిగ్రీ ఉందిగా, 'టూ స్ట్రోక్ ఇంజను' అనడానికి 'ద్విఘాత యంత్రం' అని రాశాను. టీచరమ్మ ఎర్ర పెన్నుతో కొట్టేసి, "ఈ పేరు చెబితే ఏ మేస్త్రీ అయినా బండి ముట్టుకుంటాడా?" అంది. మేస్త్రీ మాటలు విన్నాక నా నిఘంటువు మూసేశాను. ఇంజను సీజ్ అయితే ఆయన "పట్టేసింది" అంటాడు. కార్బురేటర్ జెట్టులో నలక పడితే "గొంతు పూడింది". మంట సరిగా అందక ఇంజను ఆగి ఆగి కొట్టుకుంటే "బండి దగ్గుతోంది". ఇంతకంటే తెలుగు ఎక్కడుంది చెప్పండి! మేస్త్రీ చెబుతుంటే టీచరమ్మ రాసుకుంటుంది. ఆయన పేరు వేయొద్దన్నాడు. 'కోదాడ మేస్త్రీ' అని వేస్తే చాలన్నాడు.

బాయిలర్ తమ్ముడు ప్లగ్గుల మీద వరసగా రాశాడు. వాక్యం పొట్టిగా ఉంటుంది, ఒక్క మాట ఎక్కువుండదు. నేను ఎన్ని కథనాలు రాశానో నాకే గుర్తులేదు గానీ, అతని రాత చూస్తే నాకు అసూయే.

రాళ్లు, వడ్లు

ఇక్కడొక చేదు సంగతి చెప్పాలి. మన రోడ్డు ఎలాంటిదో సినిమా అభిమానులకు నేను చెప్పక్కర్లేదు. 2009 మార్చి 26న జూనియర్ ఎన్టీఆర్ కారు ప్రమాదం జరిగింది మోతె దగ్గర. 2014 డిసెంబరు 6న నందమూరి జానకిరామ్‌ను కోల్పోయింది మునగాల మండలం ఆకుపాముల దగ్గర, కారు ట్రాక్టరును ఢీకొని. 2018 ఆగస్టు 29న హరికృష్ణ నల్లగొండ దగ్గర అన్నెపర్తిలో పోయారు. ఒకే కుటుంబం, మా పాత జిల్లా రోడ్లే. కార్లలో ఉన్నవాళ్ల సంగతే అలా ఉంటే బండి మీద వాళ్లకు చుట్టూ ఉన్నది గాలి తప్ప ఏముంది? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో నూటికి 44 మందికి పైగా బండ్ల మీద వెళ్లినవాళ్లే.

మా వైపు ఇంకో గండం ఉంది. కోతలయ్యాక రైతులు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట కుప్ప మీద నల్ల పట్టా కప్పుతారు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, నల్ల రాయి! ఒక నవంబరు రాత్రి మిల్లు నుంచి డ్యూటీ దిగి వస్తూ మా బాయిలర్ తమ్ముడు ఆ రాళ్ల మీదకు వెళ్లాడు. మెడ కింది ఎముక విరిగింది. హెల్మెట్ నిలువునా పగిలింది. తల పగలలేదు. కుప్ప దగ్గర కాపలా పడుకున్న రైతులే ఎత్తి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ రైతు తెల్లారేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాడట.

నేను మండిపడుతూ ఒక పేజీ రాశాను. రోడ్డు నీ కల్లమా అని. ఆసుపత్రి మంచం మీద అది చదివి తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "ఇది ఎయ్యకన్నా. ఆ వడ్లు పచ్చిగుంటే తేమ అని ధర కోస్తరు. కోసేది మా మిల్లోళ్లే. ఆయనకు కల్లం ఏడున్నది? నేనే రాస్త."

ఎడమచేత్తో, వంకర టింకర అక్షరాలతో రాశాడు. ఎలా పడ్డాడో రాశాడు. హెల్మెట్ ఎక్కడ పగిలిందో గీసి చూపించాడు. తేమ కొలిచే మిషన్ మిల్లులో ఎంతకు తగ్గితే ధర ఎంత ఇస్తారో రాశాడు. చివర రైతులకు ఒక్కటే అడిగాడు. రాయి తప్పదంటే దానికి సున్నం పూయండి, లైటు పడితే మాకు కనబడుతుంది. ఆ సంచిక మాత్రం 200 కాపీలు వేశాం. ఆ కాలువ వెంబడి ఊళ్లలో చేత్తో పంచాం. మరుసటి కోతల్లో వెళ్లి చూస్తే ఒక ఊళ్లో, ఒకటంటే ఒకటే ఊళ్లో, రాళ్లు తెల్లగా కనబడ్డాయి. టీచరమ్మ బుల్లెట్ ఆపి దిగి, ఒక్కో రాయినీ లెక్కపెట్టింది.

అప్పటినుంచి మా కాగితానికి ఒక నియమం. హెల్మెట్ లేకుండా తీసిన ఫొటో వేయం. అది ఏ హీరో ఫొటో అయినా సరే! అభిమానులు కోపగించుకుంటే టీచరమ్మతో మాట్లాడుకోవచ్చు.

జులై రెండో ఆదివారం

ఏటా జులైలో రెండో ఆదివారం జావా, యెజ్డీ బండ్ల పండగ. దేశమంతటా పాత బండ్లు రోడ్డెక్కే రోజు. 2018లో జావా, 2022లో యెజ్డీ కొత్త కంపెనీ చేతుల్లో మళ్లీ వచ్చాయి. కొత్తవాళ్లూ కలుస్తారు. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండ్లవాళ్లను మేం కాస్త ఏడిపిస్తాం గానీ, మా బండి మొరాయించినప్పుడు వెనక నుంచి తోసేది వాళ్లే. హైదరాబాదు కలయికకు మా మూడూళ్ల నుంచి కిందటిసారి పదకొండు బండ్లు బయల్దేరాయి. ఒకటి నకిరేకల్ దగ్గర ఆగింది, మిగతా పదీ ఆగాయి. ఆగినచోట రోడ్డు పక్కన కూర్చుని అప్పటి సంచికకు సగం రాసేశాం.

మేస్త్రీ రాలేదు. ఆ దూరం ఆయన నడుము ఒప్పుకోదు. షెడ్డులో ఇప్పుడు బల్ల మీద మా కాగితాలన్నీ దారంతో కుట్టి వేలాడదీసి ఉంటాయి. మొన్న వెళ్లినప్పుడు ఆ అజిత్ అభిమాని ఒక మూల కూర్చుని పాత సంచిక గట్టిగా చదువుతున్నాడు. మేస్త్రీ కళ్లు మూసుకుని వింటూ, "అక్కడ కాదు, ఆ మాట తప్పు పడింది, ముందు క్లచ్ వైరు చూడమన్నాను" అని దిద్దుతున్నాడు. తన మాటను తనే!

చివరిగా ఒక ఉత్తరం సంగతి. గరిడేపల్లి వైపు నుంచి ఇంటర్ చదివే అమ్మాయి రాసింది. తాతయ్య రాజదూత్ పదిహేనేళ్లుగా కొట్టంలో ఉందట, గడ్డివాము పక్కన. కిక్కు కొడితే కిందికి దిగుతోంది గానీ ఇంజను పలకడం లేదట. నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగింది. ఉత్తరం ఉన్నదున్నట్టు వేశాం. కింద జవాబు కోసం నాలుగు వరసల చోటు వదిలాం. మేస్త్రీ ఇంకా చెప్పలేదు. ట్రాలీ ఆటోలో వేసుకుని బండి తెచ్చి చూపించమంటున్నాడు. టీచరమ్మ, బాయిలర్ తమ్ముడు ఆదివారం ఆ అమ్మాయి ఊరికి వెళ్తున్నారు. బిస్కెట్ల డబ్బాలోంచి పనికొచ్చే ప్లగ్గు ఒకటి వెతికి జేబులో వేసుకున్నాడు తమ్ముడు. పాతది మాత్రం తనకే ఇవ్వాలని ముందే చెప్పమన్నాడు.